కాళ్లకు సెలవిచ్చిన పైలట్

నా మనవడు మోహనకృష్ణ విమానం నడుపుతాడని కోటబొమ్మాళి సంతలో గొప్పగా చెప్పుకుంటారు. విమానమే వాణ్ణి మోసుకు తిరుగుతుందని నేనంటాను. పైకి లేచిన మరుక్షణం కంప్యూటరుకు పని అప్పగించి, బొత్తాలు నొక్కుతూ కాఫీ తాగడమే వాడి ఉద్యోగం. నాలుగేళ్లలో, గాలిలో, కాళ్లతో తొక్కి విమానం ముక్కు తిప్పే పెడల్స్‌తో కూడా పని పడుతుందన్న సంగతే మరిచాడు.

ఈ వేసవిలో పరీక్ష పడింది. సిమ్యులేటర్‌లో, అంటే ఉక్కు కాళ్ల మీద నిలబడి ఊగే నకిలీ విమానంలో, కంప్యూటరూ ఒక ఇంజనూ ఆపేస్తారు. సొంతంగా నడిపి దించాలి. చేతకాకపోతే ఉద్యోగం ఉండదు.

వాడి తల్లి మంగ, అంటే నా కూతురు, చక్రాల కింద నిమ్మకాయ నలగనిదే కొత్త ట్రాక్టరును కూడా గుమ్మం దాటనివ్వదు.

"సక్రం కింద ఎట్టి తొక్కించరా" అని నిమ్మకాయ చేతిలో పెట్టింది.

"దానికి సక్రాలుండవే అమ్మా."

"సక్రాల్లేని ఇమానమేటి? నిన్నెవులో మోసం సేత్తన్నారు!"

"రెక్కలైనా ఉన్నాయో లేవో సూసుకోరా" అన్నాను.

"నువ్వూరుకో తాతా" అని నిమ్మకాయ జేబులో వేసుకున్నాడు.

పరీక్షలో దాన్ని ఎదుటనున్న చిన్న పళ్లెంలో పెట్టుకున్నాడు. కుడి ఇంజను ఆగింది. ముక్కు కుడికి తిరిగింది, నిమ్మకాయ ఎడమకు దొర్లింది. అమ్మ ఇచ్చింది పడిపోతుందని కంగారుగా ముందుకు వంగబోతే, ఎడమ కాలు పెడల్ మీద పడింది. కాయ నడిమికి వచ్చి నిలిచింది. విమానమూ తిన్నబడింది! కాయ ఎటు పోతే ఆ కాలు తొక్కుతూ దించేశాడు. కాయకు కూడా చెమట పట్టిందట.

పరీక్షకుడు నవ్వలేదు. "ఈ కాయ చెప్పిందే చెప్పే గుర్తు మీ ఎదుట తెర మీద ఉంది. ఎప్పుడైనా చూశారా?" అని అడిగి, నిమ్మకాయను కోయించి మంచినీళ్లలో పిండుకుని తాగేశాడు. "ఇప్పుడు మళ్లీ దించండి."

మనవాడి కళ్లు ఖాళీ పళ్లెం మీదే ఉండిపోయాయి. విమానం పొలాల్లో కూలింది. చివరిగా ఇంకొక్క అవకాశమిచ్చి ఇంటికి పంపారు.

"బుట్టెడు అట్టుకెల్లరా, ఎన్ని తాగుతాడో సూద్దాం" అంది మంగ.

వాడు వినలేదు. మంచం మీద కూర్చుని, కాళ్ల ముందు రెండు కొబ్బరికాయలు గోడకు ఆనించి, పొద్దస్తమానం ఒకదాని తర్వాత ఒకటి తొక్కాడు.

"కాల్లు పీకుతన్నాయేట్రా?" అంది తల్లి.

"లేదే, పని నేర్పుతన్నాను."

"సివరికి నీ కాల్లకీ ఉద్యోగం దొరికిందన్నమాట" అన్నాను. ఈసారి నన్ను ఊరుకోమనలేదు.

ఖాళీ జేబుతో వెళ్లి, తెర మీది గుర్తు చూస్తూ కాళ్లతో తొక్కి నెగ్గి వచ్చాడు. అది వాడి కాళ్ల గొప్పని మంగ మాత్రం ఒప్పుకోదు. వాణ్ణి స్టేషనుకు తీసుకెళ్లిన ఆటో చక్రం కింద తనే నిమ్మకాయ పెట్టిందట. ఆటో నడిపిన సోములైతే మరీనూ, పైలట్‌ను పాస్ చేయించింది తానేనని టెక్కలి దాకా చాటుతున్నాడు.