అరుంధతి కాళ్ల కింద ఉంది

పెళ్లినాడు మధ్యాహ్నం విస్తరి దక్కని పెళ్లికొడుకు కథ చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. ఆ పెళ్లికొడుకుని నేనే.

బచేలీ ఇనుప గనుల్లో సర్వేయరు ఉద్యోగం నాది. కొలిస్తే తప్ప ఏదీ నమ్మని రోగం. పెళ్లిలో అరుంధతీ నక్షత్రం చూపించాలనగానే ఇంటర్నెట్‌లో నక్షత్ర పటాలు వెతికాను. ఒక సైటులో జగదల్‌పూర్ ఉంది గానీ బచేలీ లేదు. అక్షాంశం, రేఖాంశం నేనే కొట్టాను. అది చాలదని ఫోన్‌లో యాప్ ఎక్కించి, పంచె మడతలో దోపుకుని పీటలెక్కాను.

మే నెల, పట్టపగలు ముహూర్తం. పంతులుగారు మమ్మల్ని ఎండలోకి తీసుకెళ్లి చెయ్యెత్తారు.

"అదిగోనమ్మా అరుంధతి. కనిపించిందా?"

"కనిపించిందండీ," అంది పెళ్లికూతురు సుజాత, బుద్ధిగా.

అక్కడితో అయిపోవాలి. లోకంలో పెళ్లిళ్లన్నీ అలాగే అయిపోతాయి. నేను ఫోన్ తీశాను.

"అరుంధతి అక్కడ లేదండీ. ఇప్పుడు భూమికి అవతల ఉంది. మన కాళ్ల కింద!"

సన్నాయి ఆగింది. పక్క ఊరు గీదం నుంచి వచ్చిన వీడియో అతను, "భయ్యా, కెమెరా జమీన్ వైపు తిప్పాలా?" అన్నాడు. మామగారు గనిలో బ్లాస్టింగ్ ఫోర్‌మన్. "ఎంత లోతులో ఉందేటి బాబూ? డ్రిల్లు తెప్పించమంటారా?" అన్నారు.

అందరూ నవ్వారు. సుజాత నవ్వలేదు. తాళి కట్టిన పావుగంటకే ఆమెను నలుగురిలో అబద్ధాలకోరును చేశాను. ఆ ముఖం చూసి నిజంగానే సిగ్గేసింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, ఆ శని ఎక్కడున్నాడో ఏ యాపూ చూపించలేదు.

సుజాత వాళ్ల మామ్మ కర్ర ఊపింది. "సుక్క సూడకుండా పెళ్లేటి? అది కనిపించీదాకా అల్లుడికి ఇస్తరెయ్యకండి!"

"సాయంత్రం ఏడింటికి కనిపిస్తుంది మామ్మగారూ," అన్నాను ధీమాగా.

వంకాయకూర వాసన పీలుస్తూ సాయంత్రందాకా కూర్చున్నాను. సరిగ్గా ఏడింటికి కొండ మీది నుంచి మబ్బు దిగి ఆకాశమంతా మూసేసింది. యాప్‌లో మాత్రం అరుంధతి మిలమిలలాడుతోంది.

"అదిగో, ఆ మబ్బు వెనకాల," అని సుజాతకు చూపించాను.

"నాకేం కనబడటం లేదండీ," అంది తాపీగా. "లేనివి చూశానంటే మీకు నచ్చదు కదా!"

మామ్మ నా వైపు తిరిగింది. "మరి నీకు కనిపించిందేటి బాబూ?"

పైన ఆకాశం కాటుక గిన్నెలా ఉంది. లోపల కడుపు కాలిపోతోంది.

"కనిపించింది మామ్మగారూ. భలే మెరుస్తోంది."

సుజాత ఆ రోజు మొదటిసారి నవ్వింది. "ఇప్పుడయింది పెళ్లి. ఆయనకు విస్తరెయ్యండి," అంది.

అగ్నిసాక్షిగా ఒట్టేస్తున్నాను: మా ఆవిడ ఏదైనా కనిపించిందన్నాక, ఈ జన్మలో నేను తలెత్తి చూడను.