నోట్లో లవంగం

మొన్న ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా విప్పి తింటుంటే పులావులో లవంగం పంటి కింద పడింది. అందరికీ పడుతుంది, తీసి పక్కన పెట్టి తింటారు. నాకు మాత్రం ఆ ఘాటు నాలుకకు తగలగానే అరచేతులు చెమర్చాయి. పక్కన కూర్చున్న అమ్మాయి "ఏంటక్కా, కారంగా ఉందా?" అంటూ నీళ్ల సీసా ఇటు జరిపింది. కారం కాదని ఆ పిల్లకు ఎలా చెప్పను? హైటెక్ సిటీలో అద్దాల గోడ పక్కన కూర్చున్న మనిషిని, చూస్తుండగానే ఏడేళ్ల పిల్లనైపోయాను. ఎదుట పుస్తకం, అందులో నాకు రాని మాట. పుస్తకానికి అవతల సుందరమ్మగారు, ఆవిడ బుగ్గలో లవంగం. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు.

సుందరమ్మగారు బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. కాకినాడలో ఆవిడ భర్తకు చిన్న ప్రెస్సు ఉండేదట. పెళ్లికార్డులు అచ్చుకు వెళ్లేముందు తప్పులు దిద్దే పని ఆవిడది. ఆయన పోయాక ప్రెస్సు మూసేసి, మిగిలిపోయిన కార్డులు ఒక పెట్టెనిండా వెంట తెచ్చుకుని మణికొండలో కొడుకు ఫ్లాట్‌కు వచ్చేశారు. ఆ అపార్ట్‌మెంట్‌కే మా నాన్న వాచ్‌మన్. అమ్మ నాలుగిళ్లలో పనిచేసేది. సెల్లార్లో కార్ల పక్కన ఉన్న ఒక్క గది మా ఇల్లు. అమ్మానాన్నలు పాలమూరు నుంచి వచ్చేటప్పుడు నన్ను అవ్వ దగ్గర వదిలి వచ్చారు. మా ఊళ్లో ఒకటో తరగతి చదివానని అంటారు గానీ, చదివాననడం కొంచెం పెద్ద మాట.

ఆ ఎండాకాలం నన్ను హైదరాబాద్ తీసుకొచ్చారు. సందు చివర బడిలో రెండో తరగతిలో చేర్చుకుంటామన్నారు, కానీ పెద్దమేడం ముందు ఒక పేజీ చదివి వినిపించాలి. నాన్న తేల్చి చెప్పేశాడు: "సీటొస్తే ఇక్కడుంటది. రాకుంటె మల్ల అవ్వకాడికే. బండ్ల నడుమ పొద్దంత ఏం జేస్తది గీ సెల్లార్ల?" ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కానీ అమ్మ లేకుండా ఉండటం ఎలా ఉంటుందో నాకు అప్పటికే తెలుసు. ఆ మాట విన్నప్పటి నుంచి, అమ్మ గిన్నెలు తోమడానికి పక్క ఫ్లాట్‌కు వెళ్లినా కొంగు పట్టుకుని వెంటపడేదాన్ని.

అమ్మ వెళ్లి సుందరమ్మగారిని అడిగింది. "అమ్మా, మా పిల్లకు జర సదువు సూడుండ్రి. బడోళ్లు సదివిపిచ్చుకుంటరంట."

"పంపించు లక్ష్మీ. ఏపాటి వచ్చో చూద్దాం. నన్ను మామ్మగారూ అని పిలవమను, మేడం గీడం అంటే నాకు ఒళ్లు మంట."

నాకు వచ్చింది ఒకటో తరగతి పుస్తకంలోని నక్కపిల్ల పాఠం. అదొక్కటే, కానీ గడగడా వచ్చు. పీట మీద కూర్చుని, వరస మీద వేలు పరిగెత్తిస్తూ ఊపిరి తీసుకోకుండా చదివాను. గుమ్మం దగ్గర అమ్మ మురిసిపోతోంది. మధ్యలో ఒకచోట ఆగిపోయాను. వెంటనే అమ్మ అందుకుంది: "నక్కపిల్ల ఏడ్సుకుంట తల్లికాడికి పోయింది, బిడ్డా."

సుందరమ్మగారు తల తిప్పి చూశారు. "నీకు చదువు రాదనుకున్నానే?"

"రాదమ్మా. గిది పొద్దంత గదే ఒర్లుతుంటది. ఇని ఇని నాక్గూడ వచ్చింది."

ఆవిడ పుస్తకంలో ఇంకో పేజీ తిప్పి నా ముందు పెట్టారు. నేనూ తడుముకోకుండా మొదలుపెట్టాను. వేలేమో ఆవు బొమ్మ కింద నడుస్తోంది, నోరేమో నక్కపిల్ల కథే చెబుతోంది. కాసేపటికి ఆవిడకు నవ్వాగలేదు. నేను మాత్రం ఇక సీటు రాదు, ఊరి బస్సు ఎక్కించేస్తారని అక్కడే ఏడుపు లంకించుకున్నాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్లి ఒక పాత పెళ్లికార్డు తెచ్చారు. మూలలకు పూసిన పసుపు ఇంకా పోలేదు. కత్తెరతో దాని మధ్యలో ఒక మాట పట్టేంత కిటికీ కోసి పేజీ మీద పెట్టారు. "ఇందులోంచి ఎంత కనిపిస్తే అంతే చదువు. ముందేముందో, వెనకేముందో నీకెందుకూ?"

కిటికీలో ఒక్కటే మాట. దానికి అటూ ఇటూ కథ లేదు, గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ లేదు. అక్షరాలు కొన్ని తెలుసు, గుణింతాలు సగం తెలుసు, వత్తు కనబడితే మాత్రం నోరు పడిపోయేది. అలా ఆగిపోయినప్పుడు మామ్మగారు అందించేవారు కాదు. ఆవిడ ఓర్పుగల మనిషని మాత్రం అనుకోకండి. కాఫీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే రకం. కొడుకు ఫోన్లో ఒక మాట మొదలుపెడితే మిగతాది ఆవిడే పూర్తిచేసేవారు. అందుకే నేను పుస్తకం తెరవగానే లవంగం తీసి బుగ్గన పెట్టుకునేవారు. "నా నోటికి తాళమే ఇది" అనేవారు.

ఆ నిశ్శబ్దం ఎంత భయంగా ఉండేదో నాకిప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడో కడుతున్న టవర్ నుంచి డ్రిల్లింగ్ చప్పుడు, పై ఇంట్లో కుక్కర్ కూత, ఫ్యాన్ కిర్రుమనడం, అన్నీ వినిపించేవి. మాట మాత్రం వచ్చేది కాదు. మామ్మగారి పెదవులు కదిలేవి, మళ్లీ బిగుసుకునేవి. గుమ్మం దగ్గర అమ్మ చేతిలో తుడుపు గుడ్డను మెలిపెట్టేది. ఒకరోజు ఇక ఉండబట్టలేకపోయింది. "చెప్పుండ్రమ్మా, పిల్ల పరేషాన్ అయితాంది!"

మామ్మగారు లేచి వెళ్లి అమ్మ అరచేతిలోనూ ఒక లవంగం పెట్టి వచ్చి కూర్చున్నారు. అప్పటి నుంచి నేను చదువుతుంటే ఆ గదిలో ఇద్దరి బుగ్గల్లో లవంగాలు.

నేను ఏడిస్తే మాత్రం మామ్మగారు అనేవారు: "రేపు ఆ మేడం ముందు నేనుంటానా చెప్పడానికి? ఎవరూ చెప్పకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడే అలవాటు చేసుకో. తొందరపెడితే 'ఆగండి, చదువుతున్నా' అను. అలా అనడం తప్పేం కాదు."

బడికి వెళ్లిన రోజు పెద్దమేడం నా ముందు ఉడుత పాఠం పెట్టింది. ఎన్నడూ చూడని పేజీ. పెళ్లికార్డు ఇంట్లోనే మరిచిపోయామని అప్పుడు గుర్తొచ్చింది. రెండు చేతుల వేళ్లతో మాటకు అటూ ఇటూ కిటికీ కట్టుకున్నాను. నాలుగు వరసలు మెల్లగా గడిచాయి. 'కొమ్మల్లోంచి' దగ్గర ఆగిపోయాను. ఆవిడ మంచిది, జాలిపడి చెప్పబోయింది.

"ఆగుండ్రి మేడం, సదువుతున్న."

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ వైపు చూశాను. ఆమె ఈ పేజీ ఎప్పుడూ వినలేదు, అందించడానికి ఏమీ లేదు. అయినా ఒక బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. లవంగం పెట్టుకుని వచ్చింది! నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. కొ, మ్మ, ల్లోం, చి. ముక్కలు కూడబలుక్కున్నాను. మేడం "నిదానంగా చదువుతుంది, కానీ చదువుతుంది" అంటూ నా పేరు రాసుకుంది.

పరిగెత్తుకుంటూ వచ్చి చెబితే మామ్మగారు మెచ్చుకోలేదు, మిఠాయి పెట్టలేదు. "ఏ మాట దగ్గర ఆగావే?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ ఆ మాటను లోలోపల ఒకసారి అనుకుని తల ఊపారు. మరుసటి ఏడాది కొడుక్కి బదిలీ అయ్యి వాళ్లు వెళ్లిపోయారు. నేను కాలేజీలో ఉండగా ఆవిడ పోయారని ఆ అపార్ట్‌మెంట్ వాళ్ల ద్వారా తెలిసింది. ఒక్కసారి వెళ్లి ఆవిడ ముందు కూర్చుని ఒక పేజీ చదివి రావాల్సింది. ఆ బాధ నాకు పోదు.

ఇప్పుడు మేం నల్లగండ్లలో ఉంటున్నాం. ఈ ఏడాది అమ్మ తనంతట తానే, దాచిపెట్టిన ఆ పాత పెళ్లికార్డు తెచ్చి నా ముందు పెట్టింది. "బస్సు బోర్డు సదువాలె నేను. ఇగ ఎవ్వర్ని అడుగొద్దు" అంది. నా హ్యాండ్‌బ్యాగులో చిన్న డబ్బాలో లవంగాలు ఎప్పుడూ ఉంటాయి. ఆఫీసులో కొత్తపిల్లలు చెప్పలేక తడబడుతున్నప్పుడు వాటి అవసరం నాకు పడుతూనే ఉంటుంది. కానీ అమ్మ ముందు పడినంత ఇంకెక్కడా పడలేదు.

పోయిన ఆదివారం మేనత్తను చూడటానికి మెహిదీపట్నంలో దవాఖానకు బయల్దేరాం. చూడనిచ్చే సమయం దగ్గరపడుతోంది. క్యాబ్ బుక్ చేస్తానంటే అమ్మ వద్దంది. బస్సు వచ్చి ఆగింది. అమ్మ మెడ చాచి బోర్డు కూడబలుక్కోసాగింది. "మె... హి... దీ... ప..." అక్కడ వత్తు అడ్డం పడింది. జనం ఎక్కేశారు. డ్రైవర్ గేరు మార్చాడు. మాట నా నాలుక చివరికి వచ్చి నిలబడింది. డబ్బా తీసి లవంగం నోట్లో వేసుకుని కొరికి పట్టాను. బస్సు కదిలింది. అమ్మ దాని వెనకే నాలుగడుగులు వేసి, వెనక బోర్డు చూస్తూ గట్టిగా అరిచింది.

"ట్నం! మెహిదీపట్నం! మన బస్సే గది!"

బస్సు మలుపు తిరిగింది. స్టాపులో ఉన్నవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. నేను ఏదో అనబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"లవంగం ఉమ్మకు. ఇంకో బస్సు రానియ్."