యాడ నిలబడి చూసినావప్పా

మేం పోస్టుకు చేరింది అక్టోబరు చివర, మధ్యాహ్నం రెండు గంటలకు. ఎత్తు పదిహేడు వేల అడుగుల పైన. గాలి పడమటి నుంచి. ఎండ ఉంది గానీ వేడి లేదు. ఇసుక బస్తాలు పేర్చిన బంకరు, దాని వెనక పడుకునే గుడిసె, గుడిసె పక్కన కిరోసిన్ డబ్బాలు. పది మంది మనుషులం. నేను హవల్దారును, సెక్షన్ బాధ్యత నాది.

మాకు పోస్టు అప్పగించిన దళం చాలా జాగ్రత్తలు చెప్పింది. వాటిలో ఒకటి ప్రాణానికి సంబంధించినది. సామాను దించే చోటు కింద ఉంటుంది. అక్కడి నుంచి పైకి వచ్చే దారి వెంట ఎర్రగుడ్డ కట్టిన వెదురు కర్రలు వరసగా నాటి ఉంటాయి. పైకి వచ్చేటప్పుడు కర్రలు కుడిచేతి వైపు ఉండాలి. వాటి అవతల కనిపించేది మంచే. దాని కింద కొండ లేదు. గాలి పేర్చిన మంచు చూరులాగా లోయ మీదికి వంగి ఉంటుంది. దాని మీద అడుగు వేసిన మనిషి శవం కూడా దొరకదు.

ఆ పది మందిలో ముగ్గురం ఒకే ప్రాంతం వాళ్ళం. నాది పెనుకొండ. రేడియో ఆపరేటరుది ధర్మవరం, మగ్గం నేసే ఇల్లు. వంటవాడిది హిందూపురం. వాళ్ళ నాయనకు అక్కడ సైకిల్ షాపు ఉండేది. ఇంత దూరంలో ఊరివాళ్ళు దొరికితే పండగే అనుకుంటారు ఇంటి దగ్గరున్న వాళ్ళు. మాకు పండగ కాలేదు. ఆపరేటరూ వంటవాడూ ఒక సాయంత్రం జరిగిన ఆటను వీపు మీద మోసుకుని వచ్చారు.

ఆ ఆట మా పెనుకొండలోనే జరిగింది, మేం పైకి రాకముందు సెలవుల్లో. హిందూపురం, ధర్మవరం జట్ల మధ్య ఫైనలు. మా వైపు ఒక అలవాటు ఉంది. లైన్ జెండా పట్టుకునే మనిషి రాకపోతే, సెలవు మీద వచ్చిన ఆర్మీవాడిని వెతికి తెచ్చి జెండా చేతికిస్తారు. ఆర్మీవాడు పక్షం వహించడు, అబద్ధమాడడు అని నమ్మకం. ఆసారి దొరికిన మనిషి ధర్మవరం వాడైనా హిందూపురం వాళ్ళు ఒక్క మాట అనలేదు. యూనిఫాం మీద అంత భక్తి. ఆ విధంగా మా ఆపరేటరు జెండా పట్టుకున్నాడు.

హిందూపురం జట్టులో ముందు ఆడేవాడు మా వంటవాడి తమ్ముడు. వాడిని చూడటానికి బెంగళూరు నుంచి ఒక క్లబ్బు మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆట చివరి నిమిషాల్లో వాడు గోల్ కొట్టాడు. జెండా లేచింది. ఆఫ్‌సైడ్. అంటే బంతి అందించిన క్షణానికి గోల్‌కీపరు కాక మిగిలిన ఆఖరి డిఫెండరు కంటే వాడు ముందున్నాడని తీర్పు. గోల్ చెల్లలేదు. ధర్మవరం గెలిచింది. క్లబ్బు మనిషి కారెక్కి పోయాడు. తమ్ముడు ఫ్యాక్టరీలో షిఫ్టులకు చేరాడు.

నవంబరులో మంచు దారులు మూసింది. పొద్దున టీ, డ్యూటీ మార్పు, మంచు తవ్వడం, రేడియో పలకరింపు, సాయంత్రం పప్పు, మళ్ళీ డ్యూటీ. ఆ మధ్య ఖాళీల్లో ఆ గోల్. వంటవాడి ఫోనులో ఒక వీడియో ఉండేది. గోల్ వెనక నిలబడి హిందూపురం అభిమాని ఎవరో వణికే చేత్తో తీసింది. చలికి బ్యాటరీ చచ్చేవరకు అందరూ దాన్ని చూశారు. అది చూసి అభిప్రాయం మార్చుకున్నవాడు ఒక్కడూ లేడు. హిందూపురం కళ్ళకు గోల్, ధర్మవరం కళ్ళకు ఆఫ్‌సైడ్. ఉత్తరాది కుర్రాళ్ళు కూడా రెండు పార్టీలై పోయారు. ఆ ఊళ్ళు మ్యాపులో ఎక్కడున్నాయో వాళ్ళకు తెలియదు.

ఆపరేటరు వాదన ఫామ్ దగ్గర మొదలయ్యేది. తమ్ముడు అంతకుముందు మూడు ఆటల్లో గోల్ కొట్టలేదు, ఆట పోయింది, ఆట పోయినవాడు తొందరపడతాడు, తొందరపడినవాడు ఆఫ్‌సైడ్‌లోకి పోతాడు. వినడానికి నున్నగా ఉంటుంది. నేను చెప్పాను, నిరుడు కొట్టిన గోల్స్ గానీ మొన్న కొట్టని గోల్స్ గానీ ఆ క్షణాన వాడి కాలు ఎక్కడుందో చెప్పలేవని. ఫామ్ అన్న మాట మన అభిమానుల నోట్లో దిష్టి అన్న మాటకు చదువుకున్న తమ్ముడు. ఆ ఓటమి తర్వాత హిందూపురంలో వంటవాడి తమ్ముడి చేతికి తాయెత్తు కట్టారు. ధర్మవరంలో గెలిచిన బంతికి నిమ్మకాయ దిగదుడిచారు. రెండూ ఒకటే. ఏం జరిగిందో తెలుసుకునే శ్రమ తప్పించుకోవడానికి మనిషి ఏదో ఒకటి కడతాడు, ఏదో ఒకటి తిప్పుతాడు.

నా మాట ఇద్దరికీ నచ్చలేదు. నాకూ విసుగొచ్చి మానేశాను.

వంటవాడు మాత్రం ఎక్కువ మాట్లాడేవాడు కాదు. చపాతీ కాలుస్తూ ఒకటే ప్రశ్న అడిగేవాడు.

“యాడ నిలబడి చూసినావప్పా నువ్వు?”

ఆపరేటరు జవాబు కూడా ఒకటే. “నా కండ్లతో చూస్తినబ్బా. ఇంగేం కావల్ల?”

ఒకనాడు వంటవాడు తన పళ్ళెం తీసుకుని అవతలి మూలకు పోయి కూర్చున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఒకే తాడుకు కట్టుకుని నడవాల్సిన మనుషులు. నేను పిలిచి మందలించాను. సరేనన్నారు. డ్యూటీ వరకు మాట్లాడుకున్నారు, అంతకు మించి లేదు.

జనవరిలో రెండు రోజులు తుఫాను. మూడో పొద్దున కాస్త తెరపిచ్చింది. గుడిసెలో కిరోసిన్ అయిపోవచ్చింది. వంటవాడూ ఇంకో జవానూ తాడు కట్టుకుని కిందికి దిగారు. వచ్చేటప్పుడు జవాను ఇరవై అడుగులు వెనక, వంటవాడు ముందు. వీపున డబ్బా, ఛాతీ మీద రేడియో సెట్టు. నేలబారున మంచు లేచి కొడుతోంది. తుఫానుకు మధ్య కర్రలన్నీ పూడిపోయాయి. అట్టడుగు కర్ర ఒకటి, అన్నింటికంటే పైన కర్ర ఒకటి మిగిలాయి. పై కర్ర బంకరుకు కనపడదు, మధ్యలో బండ అడ్డం. ఎగిరే మంచులో వంటవాడికీ కనపడటం లేదు.

ఆపరేటరు బంకరు కిటికీలో ఉన్నాడు. రేడియోలో హిందీ మాట్లాడాలి. అతను తెలుగులో అరిచాడు.

“నిలబడు. కర్రలు దాటినావు. లోయ పక్క ఉండావు. ఎడమకు రెండడుగులు ఎయ్.”

కరకర శబ్దం మధ్య వంటవాడి గొంతు. “నేను దాటలేదు.”

“దాటినావు. ఈడికి కనపడతాండాది.”

సెట్టులో గాలి హోరు. తర్వాత అదే ప్రశ్న.

“యాడ నిలబడి చూస్తాండావప్పా నువ్వు?”

నేను కిటికీ దగ్గరికి పోయి చూశాను. నాకూ దాటినట్టే కనిపించింది. కింద కర్ర కంటే అతను లోయ వైపే ఉన్నాడు, సందేహమే లేదు. మా వెనక ఇంకో జవాను చూసి అవునన్నాడు. ముగ్గురం సాక్షులం. ముగ్గురం ఒకే కిటికీలో ఉన్నాం. ఒకే తప్పుచోట ముగ్గురు నిలబడితే మూడు సాక్ష్యాలు కావు, ముగ్గురైనా నూరుగురైనా సాక్ష్యం ఒకటే. అది నాకు అప్పుడు తట్టిందని చెప్పుకోను. తట్టింది ఆ ప్రశ్న ఒక్కటే. చలికాలమంతా చపాతీల వాసనతో కలిపి విన్న ప్రశ్న.

సెట్టు తీసుకుని చెప్పాను. “ఎవురూ కదలొద్దు. ఎడమకొద్దు, కుడికొద్దు. నేను వస్తాండా.”

ఇంకొకరిని తాడుకు కట్టుకుని, బండ చుట్టూ తిరిగి పై కర్ర దగ్గరికి పోయాను. మామూలు రోజుల్లో పది నిమిషాల దారి. ఆ రోజు నడుం లోతు మంచు. కర్ర పట్టుకుని కిందికి చూస్తే తెల్లగా గాలి తప్ప ఏమీ లేదు. తెర తొలగే దాకా నిలబడ్డాను. తొలగింది. నా కర్ర, కింద కర్ర, రెంటినీ ఒక గీతలో పెట్టి చూశాను. వంటవాడు గీతకు ఇవతలే ఉన్నాడు. మూరెడు దూరం. మా కిటికీ ఆ గీతలో లేదు, పక్కకు ఉంది, అందుకే దాటినట్టు కనిపించింది.

కిందికి దిగి అతని ఎడమ పక్క మంచును పొడుగాటి కర్రతో గుచ్చాను. రెండడుగుల అవతల కర్ర పిడి దాకా దిగింది, కింద ఏమీ తగల్లేదు. మంచుకూ బండకూ మధ్య తుఫాను చీలిక తెరిచి, పైన పలచగా కప్పి పోయింది. ఆపరేటరు వెయ్యమన్న రెండో అడుగు సరిగ్గా అక్కడ పడేది.

అతను కదలకుండా నిలబడింది ముప్పావు గంట. వెనక జవాను ఉన్నచోటే పాదాలు నేలకేసి కొడుతూ బతికాడు. వంటవాడు ఆ పని కూడా చేయలేదు. కాలికింద ఏముందో తెలియదు కదా అన్నాడు. కుడికాలి రెండు వేళ్ళు నల్లబడ్డాయి. హెలికాప్టరు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆసుపత్రిలో ఆ వేళ్ళు తీసేశారు.

నిజం ఊరికే తెలియదు. దానికి సరైన చోటికి నడిచి పోవాలి, పోయేదాకా ఎవరో ఒకరు చలిలో నిలబడాలి. హేతువాదం సభల్లో మాట్లాడినంత సుఖమైన పని కాదు. నేను అక్కడికి నడిచాను, వేళ్ళు అతనివి పోయాయి. ఈ లెక్క నాకు ఇప్పటికీ సరిగా కుదరదు.

ఆ రోజు సాయంత్రం గుడిసెలో స్టవ్ పక్కన వంటవాడిని పడుకోబెట్టి పాదాలు గోరువెచ్చని నీళ్ళలో పెట్టాం. ఆ గిన్నె పట్టుకున్నది ఆపరేటరు. నీళ్ళు చల్లారితే మళ్ళీ కాచి పోశాడు. తర్వాత మాట్లాడాడు.

“ఆ పొద్దు పెనుకొండలో గూడ నేను లైన్లో లేను.”

 అతనే చెప్పుకుపోయాడు. సాయంత్రమయ్యే కొద్దీ కొండ నీడ గ్రౌండు పడమటి అంచు మీద పడుతుంది. ఎండకు తాళలేని జనం ఆ నీడలోకి జరుగుతారు, జరిగి జరిగి గీత మీద కూర్చుంటారు. జెండావాడు పరిగెత్తడానికి సందు ఉండదు. ఆఖరి డిఫెండరుకు సమానంగా నిలబడాల్సినవాడు ఎనిమిది గజాలు వెనకే ఆగిపోయాడు. తమ్ముడు ఇవతలి పక్క, డిఫెండరు అవతలి పక్క. వెనక నుంచి ఏటవాలుగా చూస్తే దగ్గరి మనిషి ముందున్నట్టే కనిపిస్తాడు.

“నేను అబద్ధం చెప్పలేదప్పా,” అన్నాడు.

“నువ్వు అబద్ధం చెప్పినావని నేను ఎప్పుడన్నా అంటినా?” అన్నాడు వంటవాడు. “యాడ నిలబడితివని అడిగితి. అంతే.”

మే నెలలో దిగాం. ధర్మవరం జంక్షన్‌లో రైలు దిగితే నలభై డిగ్రీల వేడి మొహాన కొట్టింది. ఆపరేటరు ఇల్లు స్టేషన్ నుంచి నడిచి పోయేంత దూరమే. పోలేదు. నాతోపాటు బస్సెక్కి హిందూపురం వచ్చాడు. వంటవాడు అప్పటికే ఇంట్లో ఉన్నాడు, చెప్పు తొడుక్కోవడం మళ్ళీ నేర్చుకుంటున్నాడు.

సాయంత్రం తమ్ముడు షిఫ్టు దిగి టీ కొట్టుకు వచ్చాడు. పాత జట్టువాళ్ళూ అభిమానులూ ఇరవై మంది దాకా ఉన్నారు. వాళ్ళందరి ముందు ఆపరేటరు ఆ మాట చెప్పాడు. నేను లైన్లో లేను, నా జెండా చెల్లదు, ఆ గోల్ ఆఫ్‌సైడ్ అని చెప్పే హక్కు నాకు లేదు.

చప్పట్లు కొడతారని అతను అనుకోలేదు. నేనే అనుకున్నాను. ఒకడు ఇప్పుడు చెప్తే కప్పు వస్తుందా అన్నాడు. ఇంకొకడు ఆర్మీవాడు పొద్దుకొక మాట మాట్లాడతాడా అన్నాడు. ఈ సంగతి ధర్మవరం చేరేసరికి అక్కడ ఇంకో కథ కట్టారట, పోస్టులో హిందూపురం వాడు ఆపరేటరును బెదిరించాడని, ఇతను ఆ రోజు చూసిందే నిజమని. తీర్పు ఇచ్చినవాడే అది తప్పని చెప్పినా దాన్ని కాపాడటానికి భక్తులు తయారు. వాళ్ళకు కావలసింది గోల్ కాదు, తగాదా. తగాదా తీరిపోతే సాయంత్రాలు ఏం చేయాలి?

తమ్ముడు అంతా విన్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఆ గోలు పోనీలేన్నా,” అన్నాడు. “మీరు మా అన్నను కదలొద్దంటిరంట గదా. అది చెప్పు. ఎంతసేపు నిలబడినాడు?”

ఆపరేటరు చెప్పాడు. తమ్ముడు లేచి ఇంటిదారి పట్టాడు. బెంగళూరు మనిషి మళ్ళీ రాలేదు. తమ్ముడు ఇప్పటికీ ఆదివారాలు ఆడతాడు. మొన్న రెండు ఆటల్లో గోల్ కొట్టలేదు, ఫామ్ పోయిందని మళ్ళీ మొదలుపెట్టారు.

నేను రిటైరై పెనుకొండలోనే ఉంటున్నాను. టోర్నమెంటు వస్తే మాజీ సైనికుడినని జెండా నా చేతికే ఇస్తారు. నేను ముందు గీత మీద కూర్చున్న వాళ్ళను లేపుతాను. నీడ వదిలి ఎండలోకి పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఏమప్పా, ముసలోళ్ళు గూడ ఎండలో కూర్చోవల్లనా అంటారు. కూర్చోవాలంటాను. గొణుక్కుంటూ తట్టలు, చాపలు, సీసాలు ఎత్తుకుని జరుగుతారు. సందు ఏర్పడ్డాక ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి నడిచి చూసుకుంటాను.

ఆట సాగుతుంది. ఎవడో గోల్ కొట్టి, సంతోషించే ముందు ఆగి, నా చెయ్యి వైపు చూస్తాడు. అప్పుడు గ్రౌండు కనపడదు నాకు. తెర తొలగిన మంచులో వీపున డబ్బాతో ఒక మనిషి, రెండు చేతులూ కాస్త పక్కలకు చాచి, కాలు కదపకుండా, పై కర్ర వైపు మొహమెత్తి నిలబడి ఉంటాడు.