చెల్లి దగ్గర నాటిన నేరేడు

పళ్లు రాని పసిబిడ్డను మావాళ్లు కాల్చరు, పూడుస్తారు. ముత్తాతల కాలంలో రేవు పనికి సిక్కోలు నుంచి బర్మాలోని యాంగోన్ వచ్చినా ఆ పద్ధతి వదల్లేదు. చెల్లి మూడు నెలలకే పోయింది. ఊరి శివారు లైంగ్‌థార్యార్‌లో మా ఇళ్ల వెనకున్న చిత్తడినేల గట్టున నాన్న గొయ్యి తవ్వాడు. గుర్తుకని అమ్మ అక్కడ నేరేడు మొక్క నాటింది.

ఆ నేల పైకి నల్లమట్టిలా ఉంటుంది గాని, నిజానికి అది ఏళ్ల తరబడి కుళ్లి పేరుకున్న ఆకూ వేరూ. ఎండాకాలం ఎవరైనా పక్కన చెత్త తగలబెడితే చాలు, అంటుకుంటుంది. మొదటిసారి కాలినప్పుడు నేరేడు మోడైపోయింది. వానలు పడగానే మొదట్లోంచి ఎర్రటి చిగుళ్లు వేసింది. అమ్మ ఆ సంగతి ఇంటింటికీ వెళ్లి చెప్పింది. చెట్టు చిగిరిస్తే ఇంత హడావిడేమిటని విసుక్కున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

రెండేళ్లకు మళ్లీ అంటుకుంది. నాన్నా నేనూ బిందెలతో నీళ్లు పోశాం. మంట పోయింది, చెట్టు పచ్చగానే ఉంది.

"ఆరిపోనాది, పద," అన్నాడు నాన్న.

మూడో రోజు, గాలైనా లేకుండా, చెట్టు పక్కకి ఒరిగిపోయింది. కింద వేళ్లు లేవు, బూడిద ఉంది. నిప్పు మట్టి లోపల పాకుతోందని మాకెవరికీ తట్టలేదు.

అమ్మ ఏడవలేదు. నాన్న వైపు చూసి, "కాల్చకూడదనే గదేటి మట్టిలో ఎట్టినాం?" అంది.

నాన్న మళ్లీ అటు వెళ్లలేదు.

మరుసటేడు ఇంకోసారి కాలింది. నేల కుంగి, గట్టు ఆనవాలు లేకుండా పోయింది. వానలకు అంతా పచ్చబడిందని పేటంతా సంబరపడింది. ఏం పచ్చదనం! రెల్లు, తుంగ, ఎటు చూసినా ఫెర్న్ మొక్కలు. పాత చెట్లు ఒక్కటీ రాలేదు. అమ్మ మోకాళ్ల లోతు ఆకుల్లో వెతికి వెతికి వచ్చేది. మొక్కల మీద కోపమేమిటని అనుకోండి, నాకు మాత్రం ఒళ్లు మండేది.

మొన్న వానాకాలం పక్కింటి బర్మా ఆవిడ లేత ఫెర్న్ చిగుళ్ల కట్ట తెచ్చింది. ఇక్కడ వాటిని కూర వండుకుంటారు. మన వెనక నేలలోనే కోశానంది. అమ్మ కట్ట అందుకుని, ఏ పక్క కోశావని బర్మాలో అడిగింది. ఆవిడ చెయ్యి ఇటునుంచి అటు తిప్పి, అంతటా ఉంది కదా అంది.

అమ్మ ఆ కూర వండలేదు, పారెయ్యనూ లేదు. మర్నాడు పొద్దున్నే ఆ కట్ట పట్టుకుని వెళ్లింది. ఎక్కడ పెట్టాలో తెలియక, ఆ నేలంతా తిరిగి, ఒక్కో చిగురూ ఒక్కో చోట పెట్టి వచ్చింది.