తెర నల్లబడేదాకా

మైపాడు నుంచి నెల్లూరు వచ్చే బస్సులో, నా ఒళ్లో ఉన్న కంప్యూటర్ రిపేరు సామాన్ల సంచి చూసి పక్క సీటు పెద్దాయన అడిగాడు.

"సిస్టం హ్యాంగయితే ఏం చేయాల నాయనా?"

"కొత్తగా ఏమన్నా ఎక్కించారా బాబాయ్?" ఎవరినైనా నేను ముందు అడిగేది అదే.

ఎక్కించారట. చేపల వేటకు పోయిన కొడుకు సముద్రంలోనే పోయాడు. శవం కూడా ఒడ్డుకు రాలేదు. చర్చిలో జ్ఞాపకార్థ కూడికకు ఫ్లెక్సీ వేయించాలని, ఫొటో సరిచేయడానికి అల్లుడు ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. తెర నిండా కొడుకు ముఖం తెరుచుకుంది. ఆ తర్వాత మౌస్ బాణం కూడా కదల్లేదు.

నాకది రోజూ ఉండే పనే. గడగడా చెప్పేశాను. "పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, ఆగిపోద్ది. మళ్లీ సేఫ్ మోడ్‌లో ఆన్ చేసి ఆ సాఫ్ట్‌వేర్ తీసేయించండి. ఫొటో ఎక్కడికీ పోదు."

"పోదని అల్లుడూ చెప్పినాడు. మావోడి అమ్మే ఆపనీయడంలా. దాని ముందరే కూర్చోనుండాది."

"మళ్లీ వస్తుందని ఆమెకి చెప్పండి బాబాయ్."

ఆయన కిటికీలోంచి రొయ్యల గుంటల వైపు చూశాడు.

"వస్తాడు, వస్తాడని ఒడ్డున అందరం చెప్పినాం. ఇప్పుడు మళ్లీ అదే మాట ఏ నోటితో చెప్పేది?"

మళ్లీ ఆయనే అడిగాడు.

"ఎంతసేపు నొక్కాల?"

"తెర నల్లబడేదాకా."

ముందు సీటు కమ్మీ మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కాడు. నెల్లూరు వచ్చి జనమంతా దిగుతున్నా ఆ వేలు తీయలేదు.