తాతయ్యకి కనబడిన నాలుగు చేతులు

నా చిన్నప్పుడు మేం గల్ఫ్‌లో, సాల్మియాలో ఉండేవాళ్ళం. ఒక చలికాలం మా తాతయ్య కోనసీమ నుంచి వచ్చి మూడు నెలలు మాతో ఉన్నారు. తెల్లదొరల కాలంలో ఆయన మిషన్ బోధకుడు. మా పేటకి మంచినీళ్ళ బావి కావాలని దొరల్ని అడిగి అడిగి విసిగిపోయి, బైబిలు చంకలో పెట్టుకునే ఎన్నికల్లో నిలబడి శాసనసభకి వెళ్ళారు. ఆయన గొంతెత్తితే లంకల్లో కొంగలు కూడా లేచి నిలబడేవని నేను చెబుతుంటాను. కొంగలు ఎప్పుడూ నిలబడే ఉంటాయంటుంది మా ఆవిడ.

సభల్లో ఆయనదొక ఉపాయం. జమీందారు మనుషులు కాపలా కూర్చున్నా సరే, "ప్రార్థన, కళ్ళు మూసుకోండి" అనేవారు. ప్రార్థనంటే వాళ్ళూ మూసుకోవాల్సిందే. బావి కావాలన్నవాళ్ళని చెయ్యెత్తమని, ఒక్క చెయ్యీ లేవకముందే "అదిగో ఒకటి, ఆ మూల ఇంకోటి, దేవునికి స్తోత్రం" అనేవారు. అది విని ధైర్యం వచ్చి నిజం చేతులు లేచేవట.

మా కింది అంతస్తులో నాన్నవాళ్ళ కంపెనీ డ్రైవరు ఉండేవాడు, కడపాయన. ఊళ్ళో తల్లి చావుబతుకుల్లో ఉంది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది, వీసా ఇప్పించిన ఆ అరబ్బు యజమాని ఇవ్వడు. పదిమంది కలిసి అర్జీ పెడితే ఇస్తాడేమోనని, శుక్రవారం మా ఇంటికి ప్రార్థనకి వచ్చిన కంపెనీవాళ్ళని తాతయ్య అతని ముందే అడిగారు. సంతకం పెడితే తమ ఇఖామా, అక్కడ ఉండే అనుమతి, ఏమవుతుందోనని అందరికీ భయం.

"కళ్ళు మూసుకోండి. సంతకం పెట్టేవాళ్ళు చెయ్యెత్తండి."

నేను మూసుకోలేదు.

"అదిగో ఒకటి... కిటికీ దగ్గర రెండు... మూడు... నాలుగు. స్తోత్రం!"

ఒక్క చెయ్యీ లేవలేదు. మా నాన్నయితే రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. తాతయ్య ఇక ఆమెన్ అన్నారు.

డ్రైవరు కళ్ళు తెరిచాడు. ముఖం వెలిగిపోతోంది. "నలుగురుండారు గదా పెద్దాయనా, సాలు! కాగితం తీయండి."

అందరూ తివాచీ వంకే చూస్తున్నారు. శాసనసభలో దొరల్ని నిలదీసిన మనిషి చివరికి తనే పెన్ను తీసి పేరు రాసి, పెన్ను నా చేతికిచ్చారు, నేనూ రాశాను. ఒక విజిట్ వీసా ముసలాయన, ఒక మూడో తరగతి పిల్లాడు, అంతే. డ్రైవరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పోనీలే పెద్దాయనా, మీరేం జేస్తారు" అని ఆయన్నే ఓదార్చాడు. పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి అక్కడ తల్లి దినాలు కూడా అయిపోయాయి.

ఇప్పుడు నేను అల్ రాయ్‌లో ఒక కార్ల షోరూములో పనిచేస్తున్నాను. ఎవరైనా అర్జీ పట్టుకొస్తే ఎంతమంది పెట్టారని అడగను, ముందు సంతకం పెట్టేస్తాను. నా సంతకం వల్ల ఒక్క పనయినా జరిగినట్టు గుర్తులేదు. అర్జీ తెచ్చినవాడి ముఖంలోకి మాత్రం ఈ రోజుకీ నేరుగా చూడలేను.