అడగని గడప

పరిశోధన ఎందుకమ్మా, దానివల్ల ఏం ఒరుగుతుంది అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జవాబు తెలియక కాదు. తెలిసేసరికి నా చేతిలో ఏమీ మిగలలేదు, అందుకు. ఫెలోషిప్ ఆగిపోయింది. మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయి గదిలో ఉంటూ ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. థీసిస్ ఇంకా ఇవ్వలేదు.

మాది పాల్మాకుల, ఎయిర్‌పోర్టు పక్క ఊరు. విమానాల మోత వల్ల ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ నిద్ర చెడిపోతోందన్నది నా పరిశోధన విషయం. చెడిపోతోందని నేను ముందే తేల్చేసుకున్నాను, రుజువు చేయడమే మిగిలింది అనుకున్నాను. యూనివర్సిటీలో అందరూ మెచ్చుకున్నారు. సొంత ఊరు, సొంత మనుషులు, ఇంకేం కావాలి అన్నారు.

సొంత మనుషులే నోరు విప్పలేదు. ఎయిర్‌పోర్టుకు భూములు పోయిన నాటి నుంచి కాగితాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్ళంటే మావాళ్ళకు గిట్టదు. నేను పోయిన ప్రతి ఇంట్లోనూ చాయ్ ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. మొహం వేలాడేసుకుని ఇంటికొస్తే అమ్మకు జాలేసింది.

"గట్ల ఉత్తగ పోయి అడిగితే ఎవరు జెప్తరు బిడ్డా? పెండ్లికి పిలిచినట్టు బొట్టు వెట్టి పిలువాలె. నేను పిలుస్త, నువ్వు జూడు" అన్నది.

అన్నట్టే కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మా దగ్గర బొట్టు పెట్టి పిలిస్తే రాకుండా ఉండరు. ఇంటి ముందర రేకుల కింద చాపలు వేస్తే, పెట్టెలో చీరలు తీసి కట్టుకుని మరీ వచ్చారు. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి పోయేవాళ్ళు డ్యూటీ మార్చుకుని వచ్చారు. అమ్మ పులిహోర కలిపింది. వాళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, నేను అడిగినదానికల్లా జవాబు చెప్పారు. మోతకు నిద్ర పడతలేదని దాదాపు అందరూ అన్నారు. నాకు పట్టరాని సంతోషం. డిగ్రీలో సగం నీకే ఇప్పిస్తానని అమ్మతో పరాచికమాడాను. పక్క ఊళ్ళలోనూ అదే పద్ధతి పెట్టాను, అక్కడ మా చుట్టాల ఆడవాళ్ళు భరిణె పట్టుకున్నారు.

అన్ని ఊళ్ళూ అయిపోయాక ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఇంటి ముందు నుంచి పోతున్నాను. పెద్దమ్మ అంటే మా నాన్న అన్న భార్య. ఆమెకూ మాకూ మధ్య ఒకటే గోడ. పెదనాన్న హైవే దాటుతూ లారీ కింద పడి పోయినప్పటి నుంచి ఒక్కతే ఉంటోంది. గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఊరందరిని ఏందో అడుగుతున్నవంట గదా, ఏంది బిడ్డా?" అన్నది.

చెప్పాను.

"మంచిదే. నన్నడుగకపోతివి" అన్నది. నిష్ఠూరం కూడా లేదు ఆ గొంతులో. ఇయ్యాల ఎండ బాగుంది అన్నట్టే అన్నది.

రేపు అడుగుతాలే అని నవ్వి వచ్చేశాను. ఇంట్లోకి వచ్చాక గానీ ఆ మాట తగల్లేదు. కాగితాలన్నీ ముందేసుకుని మళ్ళీ చూశాను. భర్త పోయిన మనిషి అందులో ఒక్కతీ లేదు. ఉండదు కూడా, వాళ్ళకు బొట్టు పెట్టి పిలవరు కదా. ప్రతి వాడలోనూ అలాంటి ఆడవాళ్ళున్న ఊళ్ళలో నా పరిశోధన నిండా ముత్తైదువలే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత నా కోసమే పుట్టినట్టుంది. బయటివాడెవడైనా వచ్చి అడిగి ఉంటే ఈ పొరపాటు చేసి ఉండడు. నేను ఆ ఆచారంలోనే పుట్టాను, కాబట్టి నాకది కనబడలేదు.

పెద్దమ్మను ఎందుకు పిలవలేదని అమ్మను అడిగితే గయ్యిమన్నది. "మొగడు వోయినామె ఇంటికి భరిణె పట్టుకొని ఎట్ల వోతనే? ఆమె మనసు నొయ్యదా?"

అమ్మ పెద్దమ్మను నొప్పించకూడదనే అనుకుంది.

మా గైడు గోదావరి వైపు మనిషి, నెమ్మదస్తుడు. అంతా విని, "దీనికింత కంగారెందుకమ్మా? శీర్షికలో 'భర్త ఉన్న స్త్రీలు' అని ఒక్క మాట చేర్చండి, సరిపోతుంది. ఫెలోషిప్ గడువు కూడా అయిపోవస్తోంది కదా" అన్నారు. ఆయన అబద్ధం ఆడమనలేదు. అలా సర్దుకుంటే ఈపాటికి నా పేరు ముందు డాక్టర్ అని ఉండేది. కానీ పిలుపు దొరికినవాళ్ళు పదిమంది మధ్యలో కూర్చుని, పులిహోర తిని, నాకు కావలసిన జవాబిచ్చి పోయారేమోనని అప్పటికే అనుమానం పట్టుకుంది. ఎంతమందిని అడిగామన్నది కాదు, ఎవరిని వదిలేశాం, ఎందుకు వదిలేశాం అన్నది ముందు చూసుకోవాలి. ఈ మాట ఏదో క్లాసులో చెప్పే ఉంటారు, నేను రాసుకునే ఉంటాను. అది మా పక్కింటి దాకా రాలేదు, అంతే.

పెద్దమ్మ దగ్గరికి ఒక్కదాన్నే పోయి కూర్చుని అడిగాను. ఆ రోజూ ఆమె చింతపండులో గింజలు తీస్తూనే ఉంది. అడుగుతుంటే భయంగా ఉంది. ఆమె చెప్పేది వేరేగా ఉంటే మిగతావాళ్ళందరినీ మళ్ళీ మొదటి నుంచి అడగాలి.

"నాకు నిద్ర మంచిగనే వడ్తది బిడ్డా" అన్నది. "మోత ఉంటెనే నాకు ధైర్నం. ఎవలో మెలకువతోని ఉన్నరు, ఎవలో యాడికో పోతున్నరు అనిపిస్తది. కరోనాల విమానాలు బంద్ అయినయి సూడు, గప్పుడు కన్ను మూతవడలే. ఇల్లంత గుయ్యిమనేది. లేచి కూసుంటుంటి."

నా కలం ఆగిపోయింది. అన్నేళ్ళుగా నేను నమ్ముకున్నదానికి ఇది పూర్తిగా ఎదురు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, ఆమె చూసింది.

"గిది రాస్తే పాస్ గావా?" అన్నది.

"ఏమో పెద్దమ్మా, తెల్వదు" అన్నాను.

ఆమె చేతిలోని చింతగింజలు పక్కన పెట్టింది. "అయితే నిద్ర వడతలేదనే రాసుకో. వాళ్ళందరు ఏం జెప్పిండ్రో నాది గూడ గదే రాయి. నన్ను గూడ అండ్ల కలుపుకో" అన్నది.

ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. తల వంచుకుని, ఆమె మొదట చెప్పిందే రాశాను. ఏం రాసుకున్నవని ఆమె అడిగింది. చదివి వినిపించలేకపోయాను.